కొంగాట మీద ప్రామాణిక అభిప్రాయం

కోటిలంక పట్టణంలో ప్రమాణాల శాఖ ముద్ర లేకుండా కిలో రాయి కదలదు. ఆ శాఖ కదిలితే మాత్రం ఊరంతటికీ తెలిసిపోతుంది. తూకం రాళ్లకూ, కాటాలకూ, బట్టల కొట్లో గజం బద్దలకూ ఏడాదికోసారి ముద్ర వెయ్యడం, ముద్ర లేనివాటిని ఆకస్మిక తనిఖీ చేసి పట్టుకోవడం ఆ శాఖ పని. ముద్ర వెయ్యడంలో ఎప్పుడూ లోటు రాలేదు. చిక్కంతా 'ఆకస్మిక' అనే మాట దగ్గరే వచ్చేది.

ఇన్‌స్పెక్టర్ బొండా సత్యవేణి ఒకనాడు చేపల బజారు మీద ఆకస్మికంగా దాడి చేసింది. ఆవిడ జీపు దిగేసరికి చెట్టు నీడన కుర్చీ వేసి ఉంది. పక్కనే చెక్కిన కొబ్బరిబోండాం ఉంది. రొయ్యలమ్మే ఆవిడ ఎదురొచ్చి, "ఏటమ్మగారూ, ఇంత ఆలీసమైపోయింది? ఒంట్లో బాగుందా?" అని అడిగింది. బజారులో రాళ్లన్నీ తోమిన ఇత్తడిలా మెరుస్తున్నాయి. సత్యవేణి బోండాం తాగి, అంతా సక్రమంగా ఉందని రాసుకుని తిరిగొచ్చింది. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఆవిడ ఎవరినీ ఆశ్చర్యపరచలేకపోయింది.

ఈ పరిస్థితిని చక్కదిద్దడానికే అన్నట్టు శాఖ డైరెక్టరు పురంధరరావుగారు బెంగళూరులో పరిపాలనా నైపుణ్యాల సదస్సుకు వెళ్లొచ్చారు. అక్కడ సూటు వేసుకున్న ఒక కుర్రవాడు తెర మీద ఒక వీడియో గేమ్ చూపించాడట. దాని పేరు సైలెంట్ హెరాన్. ఏళ్ల తరబడి ఒకదాని తర్వాత ఒకటి వస్తూ ఇప్పుడు తొమ్మిదో భాగం దాకా వచ్చిన ఆట. బూడిదరంగు దుప్పటి కప్పుకున్న వీరుడొకడు రెల్లుగడ్డిలో కొంగలా ఒంటికాలి మీద నిలబడి, కాపలావాళ్ల కళ్లు గప్పి, కోటలోకి చొరబడి పని ముగించుకొస్తాడు. అది చూసిన డైరెక్టరుగారికి ఒళ్లు ఝల్లుమన్నది. తిరిగొచ్చిన మర్నాడే ఉత్తర్వు వెలువడింది.

"శాఖాధికారులు ప్రజలకు కనిపించుట వల్లనే తనిఖీలు విఫలమగుచున్నవని గమనించడమైనది. కనిపించకుండుట యందు తగు శిక్షణ నిమిత్తం ప్రతి అధికారీ 'నిశ్శబ్ద బకము' అను క్రీడను, పూర్వభాగములతో సహా, స్వగృహమునందు అభ్యసించవలెను."

బకము అనేమాట పలకలేక సిబ్బంది దానికి కొంగాట అని పేరు పెట్టుకున్నారు. ఆఫీసు ఖర్చుతో అందరి ఇళ్లకూ ఆట పెట్టెలొచ్చాయి.

సత్యవేణి ఇంట్లో ఆ పెట్టెను టీవీకి తగిలించినప్పుడు అత్తగారు సూరాయమ్మ చిక్కుడుకాయలు వలుస్తోంది. సత్యవేణి భర్త లాంచీల మరమ్మతు పని మీద రేవులెంబడి తిరుగుతుంటాడు కాబట్టి ఇంట్లో అత్తాకోడళ్లిద్దరే.

"ఏ ఛానలే ఇది?" అంది సూరాయమ్మ.

"ఛానలు కాదత్తయ్యా, ఆఫీసు పని," అని సత్యవేణి మీటలు నొక్కడం మొదలుపెట్టింది. ఆవిడ కొంగ నాలుగడుగులు వేసి కాలవలో పడింది. లేచి మళ్లీ నడిస్తే కాపలావాడి మీదికే పోయి గుద్దుకుంది.

"అదేం నడకే? ఆడు అటు తిరిగేదాకా ఆగాలి కదా! ఇలా తే," అని సూరాయమ్మ చిక్కుడుకాయల చేట పక్కన పెట్టింది.

ఆ చేట మళ్లీ ఆవిడ ఒళ్లోకి రాలేదు. ఇరుగు పొరుగు ఎవరింట్లో ఏం వండుకున్నారో గోడవార నిలబడి వాసన పట్టిన అనుభవం కొద్దీ ఆవిడకి నక్కి ఉండటం సహజంగా అబ్బింది. వానలు తగ్గేసరికి ఎనిమిది భాగాలూ గట్టెక్కించి తొమ్మిదో దాంట్లో పడింది. పడ్డ రోజు నుంచీ తిట్లు మొదలు.

"వేణమ్మా, ఈ తొమ్మిదోది ఏం బాలేదే. పాతవాటిల్లో ఎంత ఒద్దికైన పిల్లాడు! పిల్లిలా వచ్చి పిల్లిలా వెళ్లేవాడు. ఇందులో వాడి చేతికి రోకలంత సుత్తి ఇచ్చారు. తలుపులు తన్నుకుంటూ దున్నపోతులా పడిపోతన్నాడు. ఆ కాపలావాళ్లు మరీ మొద్దులు. పక్కనోడు దబ్బున పడిపోతే 'ఏదో గాలి' అనుకుని పోతన్నారు. ఆటలో ఊరు చూస్తే ఇంత పెద్దదుంది, చేసే పనేమో కొంగ ఈకలేరుకోవడం!"

సత్యవేణి ఊఁ కొట్టి ఊరుకునేది. ఆవిడకు ఆ ఆట మీద ఏ అభిప్రాయమూ లేదు. పై అధికారి అభిప్రాయం తెలిశాకే మనది ఏర్పరచుకోవాలన్నది ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నేర్చుకున్న పాఠం.

ఇంతలో రెండో ఉత్తర్వు వచ్చింది. శిక్షణ ఫలితాన్ని అంచనా వేయడానికి ప్రతి అధికారీ సదరు క్రీడపై ఒక అభిప్రాయము కలిగి ఉండవలెననీ, సోమవారం సమావేశంలో దాన్ని నిలబడి చెప్పవలెననీ.

ఆఫీసులో గాభరా పుట్టింది. డైరెక్టరుగారి అభిప్రాయం ఏమిటో ఎవరికీ తెలియదు. టీ తీసుకెళ్లిన ప్యూనుని అడిగారు. గది ఊడ్చే ఆవిడని అడిగారు. ఒక సీనియరు అసిస్టెంటు ధైర్యం చేసి ఆయన్నే అడిగితే, "ముందు మీరు చెప్పండి, వింటాను," అని నవ్వారట. ఆ నవ్వు ఏ వైపుదో తేలక ఆ అసిస్టెంటు రెండు రోజులు సెలవు పెట్టాడు.

సోమవారం వచ్చింది. మొదట లేచినవాడు కొంగ అంటే నక్కి ఉండాలని, తొమ్మిదో భాగం వంశప్రతిష్ఠను మంట గలిపిందని అన్నాడు. తర్వాత లేచినవాడు, ఎన్నాళ్లు నక్కుతాం, సుత్తి వచ్చాకే ఆటకు ప్రాణం వచ్చిందన్నాడు. దాంతో సభ రెండుగా చీలింది. నక్కుడు వర్గం వారు కిటికీల వైపు, నరుకుడు వర్గం వారు తలుపు వైపు చేరారు. "మీరసలు ఎనిమిది ఆడారా?" అని వీళ్లు, "మీరింకా ఎనిమిదిలోనే ఉన్నారు!" అని వాళ్లు. ఇద్దరు అకౌంటెంట్లు కాలర్లు పట్టుకున్నారు. సత్యవేణి వంతు వచ్చినప్పుడు, "బాగుందని అనిపించే అవకాశం ఉందండి," అని కూర్చుంది.

డైరెక్టరుగారు బల్ల మీద చేత్తో చరిచారు.

"సిగ్గుపడాలి! ఇది ప్రమాణాల శాఖ. కిలో అంటే కోటిలంకలోనూ కిలోయే, కొండ మీదా కిలోయే. అటువంటి శాఖలో ఒకే ఆట మీద తలకొక అభిప్రాయమా? అభిప్రాయమనునది కొలతకు లొంగని పదార్థమను అపోహను శాఖాపరంగా ఉపేక్షించబోను. తక్షణమే ప్రామాణిక అభిప్రాయమును తయారు చేయాలి."

దానికి ఒక సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు జాయింట్ డైరెక్టరు శేషాచార్యులుగారు. ఆయన ఆ ఆట ఆడలేదు. ఆడమని ఎవరో సలహా ఇస్తే, "తీర్పు చెప్పే జడ్జీ ముందుగా దొంగతనం చేసి చూడాలా నాయనా? ఆడితే పక్షపాతం వస్తుంది," అన్నారు. ఆ మాట అందరికీ నచ్చి, ఆడిన ఇద్దరు సభ్యుల్ని సంఘం నుంచి తప్పించారు.

చాలా బైఠకుల తర్వాత ప్రామాణిక అభిప్రాయం సిద్ధమైంది. శేషాచార్యులుగారు నిండు సభలో లేచి, గొంతు సవరించుకుని చదివారు.

"ఈ క్రీడ ఒక విధంగా బాగున్నది. మరొక విధంగా బాగుండవలసి ఉన్నది. మొత్తం మీద ఉన్నది."

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. నక్కుడు వర్గానికి మొదటి వాక్యం నచ్చింది. నరుకుడు వర్గానికీ అదే నచ్చింది. దాన్ని ఇత్తడి రేకు మీద చెక్కించి, గాజు పెట్టెలో, ప్రామాణిక కిలో రాయి పక్కన పెట్టారు. ఇకమీదట ఎవరి అభిప్రాయమైనా దీనికి నూటికి రెండు వంతుల్లోపు తేడాలోనే ఉండాలి. ఏడాదికోసారి తెచ్చి ముద్ర వేయించుకోవాలి.

ముద్ర వేసే పని సత్యవేణికి పడింది. ఉద్యోగులు వరసలో నిలబడి అభిప్రాయాలు చెప్పేవారు. "కొంచెం బాగుందండి" అన్న టైపిస్టుది తూకం ఎక్కువైంది. "కొంచెం" తీయించి, "బాగుందండి"ని అరగదీసి, "ఉందండి" దగ్గరికి తెచ్చి ముద్ర వేసింది. కొత్తగా చేరిన ఒకమ్మాయి, "నాకు ఏడుపొచ్చిందండి, ఆట చివర్లో ఆ వీరుడు వాళ్లమ్మ దగ్గరికి వెళ్తాడు కదా," అంది. సత్యవేణి ఎత్తిన ముద్ర మళ్లీ కింద పెట్టింది. తర్వాత, "అది కొలతలోకి రాదమ్మా, ఇంట్లో పెట్టుకో," అని పంపేసింది. ఆ సాయంత్రం ఇంటికెళ్లేదాకా ఆవిడ మనసు అదోలా ఉంది.

అక్కడితో ఆగితే శాఖ ఎందుకవుతుంది? న్యాయ విభాగం వారు చట్టం తిరగేసి ఒక సంగతి కనిపెట్టారు. వ్యాపార స్థలంలో వాడే ఏ కొలతకైనా ముద్ర ఉండాలి. బస్టాండు వెనక హోసన్నా గేమ్ సెంటర్ వ్యాపార స్థలం. అక్కడ జనం కొంగాట మీద పొద్దస్తమానం అభిప్రాయాలు చెప్పుకుంటున్నారు. ఒక్కదానికీ ముద్ర లేదు. వెంటనే ఆకస్మిక తనిఖీ జరిపి, షాపుకి సీలు వెయ్యాలని ఉత్తర్వు. నాయకత్వం సత్యవేణిది. ఆట నేర్పిన విద్యనంతా వినియోగించాలని ప్రత్యేక సూచన. పర్యవేక్షణకు డైరెక్టరుగారు స్వయంగా వస్తారు.

పట్టపగలు, నిండు బజారు. ప్రమాణాల శాఖ బూడిదరంగు దుప్పట్లు కప్పుకుని బయలుదేరింది. ఒకడు అరటిగెలల వెనక ఒంటికాలి మీద నిలబడ్డాడు. ఇంకొకడు బస్టాండు గోడ వారగా పాకుతూ వెళ్తుంటే వెనక ఒక ఆవు వాసన చూస్తూ నడిచింది. డైరెక్టరుగారు చెరుకురసం బండి చాటున వంగి ఉన్నారు. బండివాడు ఆయన తల మీదుగానే గ్లాసులందిస్తున్నాడు. సత్యవేణి పూలబుట్టల మాటున కూర్చుని ఉండగా పూలమ్మే ఆవిడ వంగి, "అమ్మగారూ, మీ కొంగు బైటికొచ్చేసింది, లోపలికి లాక్కోండి. షాపోళ్లు చూత్తారు," అని చెవిలో చెప్పింది.

ఊరు ఊరంతా మర్యాదగా వాళ్లను చూడనట్టు నటించింది.

సత్యవేణి చివరి గెంతు గెంతి గేమ్ సెంటర్ గుమ్మంలోకి వచ్చి పడింది. లోపల జనం కిక్కిరిసి ఉన్నారు. ఆటోవాళ్లు, కాలేజీ ఆడపిల్లలు, బస్సు తప్పిపోయిన ఒక పెళ్లిబృందం. అందరి నడుమా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, మీటల పెట్టె చేత్తో పట్టుకుని, సూరాయమ్మ ఉపన్యసిస్తోంది.

"...అందుకే చెప్తన్నాను, కొంగన్నాక ఓపికుండాలి. ఓపిక లేని కొంగ కొంగేనా? కోడి!"

జనం ఈలలు వేశారు. షాపు యజమాని ఏసురత్నం సత్యవేణిని చూసి తెల్లబోయాడు. అంతకు ముందు మోటారు సైకిళ్లు బాగు చేసుకునేవాడు, బ్యాంకు వాళ్ల కాళ్లావేళ్లా పడి ఈ షాపు పెట్టుకున్నాడు.

"మేడమ్, తమరు ఆఫీసుకెళ్లాక రోజూ సూరాయమ్మగారొచ్చి మాట్లాడతారనే జనం వత్తన్నారండి. ఆవిడొచ్చాకే నా షాపు నిలబడిందండి. సీలేత్తే నేను మళ్లీ నట్లు బిగించుకోవాలండి, ఆయ్."

కేసు రాస్తే ఇంట్లో నిలవ నీడ ఉండదు. రాయకపోతే ఉద్యోగం ఉండదు. ఆలోచించుకునే లోపే డైరెక్టరుగారు దుప్పటి దులుపుకుంటూ లోపలికొచ్చారు. వెనకే శేషాచార్యులుగారు, పట్టుగుడ్డ కప్పిన గాజు పెట్టె రెండు చేతులా మోసుకుంటూ.

"ఎవరీవిడ?"

"మా అత్తగారండి," అంది సత్యవేణి నేల చూస్తూ.

"ప్రమాణాలకు చుట్టరికం లేదు. తూచండి. ఆపైన కేసు రాయండి."

శేషాచార్యులుగారు గుడ్డ తీసి, ప్రామాణిక అభిప్రాయాన్ని గంభీరంగా చదివారు. "మొత్తం మీద ఉన్నది" దగ్గరికొచ్చేసరికి సూరాయమ్మ బుగ్గన వేలేసుకుంది.

"ఉన్నదని మాకు తెలుసు కదా బాబూ. ఎదురుగా కనపడతానే ఉంది. ఎలాగుందో చెప్పాలి గానీ! ఇంతకీ మీరాడారా?"

"నేను సంఘాధ్యక్షుణ్ణి," అన్నారు శేషాచార్యులుగారు.

"మరి మీరు?" అంది ఆవిడ డైరెక్టరుగారితో.

"నేను... విధానపరంగా పరిశీలించాను."

"అయితే ఆడలేదన్నమాట. ఇలా కూర్చోండి నాయనా. కేసెక్కడికీ పోదు. మా కోడలు రాత కాస్త నిదానం."

ఇంతమంది మధ్య కాదనడం ఆయనకు కుదరలేదు. డైరెక్టరుగారు కూర్చున్నారు. సూరాయమ్మ పక్కన నిలబడి ఏ మీట దేనికో చెప్పింది. కొంగ రెల్లులోకి దిగింది. కాపలావాడు వచ్చాడు. డైరెక్టరుగారు ఊపిరి బిగబట్టి వెనక్కి వాలారు. కాపలావాడు చూసేశాడు.

"అన్యాయం! చెట్టు చాటునే ఉన్నాను కదా!"

"దుప్పటి బైటికుంది బాబూ. మళ్లీ."

మళ్లీ వెళ్లారు. మళ్లీ దొరికిపోయారు. పావుగంటకి చొక్కా చేతులు పైకి మడిచారు. కాసేపటికి చెప్పులు విడిచి కుర్చీలో బాసింపట్టు వేసుకున్నారు. కాపలావాణ్ణి దాటారు. గోడ ఎక్కారు. ఇంకొకడు కత్తి దూసి మీద పడబోతే, సుత్తి మీట నొక్కారు. కోట తలుపు బద్దలై లోపలికి ఎగిరిపడింది. షాపంతా హోరెత్తింది. డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచి నిలబడి, పదవి మరచి, బస్టాండు దాకా వినబడేలా అరిచారు.

"అద్భుతం! అబ్బబ్బ, ఏం ఆటండీ ఇది! పాతవన్నీ దీని కాలిగోటికి చాలవు!"

"ఆఁ? అవేం చేశాయి నిన్ను?" అంది సూరాయమ్మ పళ్లు కొరుకుతూ. "ఎనిమిది ఆడకుండా నీకేం తెలుసు?"

"ఆడక్కర్లేదమ్మా, తలుపు చూడండి, తలుపు!"

అప్పుడు సత్యవేణికి ఒక ఆలోచన వచ్చింది. ఆలోచన రావడం ఆవిడకు కొత్త కాదు గానీ, పై అధికారి కంటే ముందు రావడం కొత్త. అయినా కలం తీసింది.

"సార్. తమరిప్పుడు వ్యాపార స్థలంలో, సాక్షుల ముందు, ముద్ర లేని అభిప్రాయం వాడారండి."

డైరెక్టరుగారు నెమ్మదిగా మీటల పెట్టె కింద పెట్టారు.

"నేను డైరెక్టర్ని."

"ప్రమాణాలకు చుట్టరికమే లేనప్పుడు హోదా మాత్రం ఎక్కడిదండి? ఆచార్యులుగారూ, తూచండి."

శేషాచార్యులుగారు ఇత్తడి రేకు వైపు చూశారు, డైరెక్టరుగారి వైపు చూశారు. రిటైరు కావడానికి దగ్గర్లో ఉన్న మనిషి కాబట్టి నిజం చెప్పడానికి ఆయనకంతగా జంకు లేదు.

"'అద్భుతం'... 'అబ్బబ్బ'... 'కాలిగోటికి చాలవు'. నూటికి రెండు వంతులే సహించదగిన తేడా. ఇది, చిత్తగించండి, నూటికి నాలుగొందలు."

"షాపుతో పాటు నిందితుల్లో మొదటి పేరు తమదే రాయాలండి," అంది సత్యవేణి. "సూరాయమ్మగారిది రెండోది."

"రెండోదెందుకే? ముందు మాట్లాడింది నేను!" అని సూరాయమ్మ అడ్డం వచ్చింది.

డైరెక్టరుగారు కళ్లు మూసుకుని కుర్చీలో కూర్చున్నారు. శాఖ చరిత్రలో ఎన్నో గండాలను వ్యాఖ్యానంతోనే గట్టెక్కించిన మనిషి ఆయన. కళ్లు తెరిచేసరికి మొహంలో వెలుగు వచ్చింది.

"రాసుకోండి. తోటకూర కట్ట లెక్కన అమ్ముతారు, తూకం లేదు, ముద్ర లేదు. కారణం, అది త్వరగా వాడిపోయే సరుకు. అభిప్రాయములు సైతం పొద్దున కోసినవి సాయంత్రానికి వాడిపోవు స్వభావము గలవైనందున, ఆకుకూరల తరగతిలో చేర్చి, శాఖ పరిధి నుంచి మినహాయించడమైనది. తక్షణం అమలు."

ఏసురత్నం చేతులు జోడించాడు. పెళ్లిబృందం వాళ్లు చప్పట్లు కొట్టారు. శేషాచార్యులుగారు గాజు పెట్టె మీద పట్టుగుడ్డ కప్పి, ఎవరూ అడగకపోయినా, "నిజానికి ఆ మూడో వాక్యం నాక్కూడా నచ్చలేదు," అన్నారు. మినహాయింపు వచ్చాక ఆయన చెప్పిన మొదటి అభిప్రాయం అది. డైరెక్టరుగారు వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి ఏసురత్నాన్ని దగ్గరికి పిలిచి, షాపు ఆదివారం తెరుస్తావా అని లోగొంతుకలో అడిగారు.

సాయంత్రం అత్తాకోడళ్లిద్దరూ నడిచి ఇంటికొచ్చారు. దారిలో సూరాయమ్మ డైరెక్టరుగారి ఆట తీరును ఏకి పెడుతూనే ఉంది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాక హఠాత్తుగా అడిగింది.

"ఇన్నాళ్లూ అందరి అభిప్రాయాలకీ ముద్రలేశావు కదే. నీ అభిప్రాయమేంటి?"

సత్యవేణి అలవాటు కొద్దీ అటూ ఇటూ చూసింది. ఇంట్లో డైరెక్టరుగారు లేరు. ఏం చెబితే ఎవరికి నచ్చుతుందో ఊహించుకోబోయి మానుకుంది. నిజంగానే ఆలోచించింది. పగలంతా దుప్పటి కింద వంగి నడిచిన నడుము నొప్పెడుతోంది. కోట తలుపు ఎగిరిపడ్డ చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది.

"నాకు తొమ్మిదోదే నచ్చిందత్తయ్యా."

సూరాయమ్మ నోరు తెరిచింది.

"ఎవరికీ కనపడకుండా బతకడం నాకు చేతనైన విద్యే. దానికోసం ఆట ఆడాలా? ఆ తలుపు తన్నుకుని నేరుగా లోపలికెళ్లడం ఉంది చూడండి... అది బాగుంది. చాలా బాగుంది."

"చాలానా?"

"చాలా."

సూరాయమ్మ కోడలి వంక ఎగాదిగా చూసింది. పాతికేళ్లుగా అవునత్తయ్యా తప్ప ఎరగని నోరది. "నీ మొహం! నీకూ కొంగ విలువ తెలీదు, ఆ డైరెక్టరుకీ తెలీదు," అని విసురుగా లేచి వెళ్లి టీవీ పెట్టింది. మీటల పెట్టె తెచ్చి కోడలి ఒళ్లో పడేసింది.

"పట్టు. ఎనిమిదోది పెడతన్నాను. అది ముందు ఆడి, అప్పుడు మాట్లాడు నాతో."

"ఆడతాను," అంది సత్యవేణి కాళ్లు చాపుకుని కూర్చుంటూ. "ఆడినా ఇదే చెప్తాను."

"చెప్పవే, చూద్దాం!"

ఆ పూట కోటిలంకలో రెండు వీధుల దాకా వాళ్ల వాదన వినపడింది. అన్నం మాత్రం ఇద్దరూ వండలేదు.